పరిచయం ముందా, ఎంపిక ముందా?

జంటలు ఒకరికొకరు ఎలా పరిచయమవుతున్నారో ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన స్టాన్‌ఫర్డ్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ రోజెన్‌ఫెల్డ్, తన సహ పరిశోధకులతో కలిసి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో 2017లో జతకట్టిన స్త్రీపురుషుల్లో 39 శాతం మందికి తొలి పరిచయం ఆన్‌లైన్‌లో జరిగిందని అందులో తేలింది. 2009లో ఆ వాటా 22 శాతం. మరోవైపు, స్నేహితుల ద్వారా కలిసిన జంటలు 1995లో 33 శాతం ఉండగా 2017 నాటికి 20 శాతానికి తగ్గాయి. కుటుంబ సభ్యుల ద్వారా, సహోద్యోగుల ద్వారా కలిసేవారు కూడా బాగా తగ్గారు. బార్లలో, రెస్టారెంట్లలో కలిసినవారి సంఖ్య పెరిగినట్టు కనిపించింది గానీ, ఆ పెరుగుదల అంతా ముందుగా ఆన్‌లైన్‌లో పరిచయమై తరువాత అక్కడ కలుసుకున్నవారిదే.

ఇలాంటి అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా చర్చ ఒకే గాడిలో పడుతుంది. డేటింగ్ యాప్‌లలో పుట్టే ప్రేమలు పైపై ప్రేమలని కొందరంటారు. కాలం మారిందని, తోడు వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి దారి లేదని మరికొందరంటారు. రెండు వాదనలూ మనుషుల చిత్తశుద్ధిని తూచడానికే ప్రయత్నిస్తాయి. కానీ యాప్‌లో ఉన్నవారూ, బయట కలిసేవారూ ఒకే మనుషులు. అసలు తేడా వరుసలో ఉంది. ముఖాముఖి పరిచయాల్లో మనిషి ముందు తెలుస్తారు, నచ్చడం నచ్చకపోవడం తరువాతి సంగతి. డేటింగ్ యాప్‌లో ముందు ఎంచుకోవాలి, తెలుసుకునే అవకాశం ఆ తరువాతే వస్తుంది. ఈ వరుస తిరగబడితే ఏ గుణాలకు విలువ పెరుగుతుందో, ఎవరు వెనకబడతారో కూడా మారిపోతుంది. దీనికి తోడు మరో మార్పు జరిగింది: ఇద్దరినీ ఎరిగిన మూడో మనిషి మధ్యలోంచి తప్పుకున్నారు. ఆన్‌లైన్ పరిచయాల బలమూ బలహీనతా చాలావరకు ఈ రెండింటి నుంచే పుడుతున్నాయి.

తనకు తెలిసిన వలయం దాటి తోడు వెతకాలన్న కోరిక ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1695లో లండన్‌లో జాన్ హౌటన్ నడిపిన పత్రికలో దాదాపు ముప్పై ఏళ్ల వ్యక్తి ఒకరు, తనకు మంచి ఆస్తి ఉందని చెప్పుకుంటూ, మూడు వేల పౌండ్ల సంపద ఉన్న యువతి కావాలని ప్రకటన ఇచ్చారు. 1959లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులిద్దరు తరగతి ప్రాజెక్టు కోసం ఒక ప్రశ్నావళి తయారుచేసి, ఐబీఎం 650 కంప్యూటర్ సాయంతో 49 మంది పురుషులకు 49 మంది స్త్రీలను జతచేశారు. 1965లో హార్వర్డ్ విద్యార్థులు ‘ఆపరేషన్ మ్యాచ్’ పేరుతో అలాంటి పనినే వ్యాపారంగా నడిపారు. 1995లో మ్యాచ్.కామ్, 2000లో ఈహార్మొనీ, 2004లో ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైట్లు వచ్చాయి. 2009లో వచ్చిన గ్రైండర్ అనే యాప్ ఫోను లొకేషన్ ఆధారంగా దగ్గర్లో ఉన్నవారిని చూపించింది. 2012లో టిండర్ మొదలైంది. దానితో నిర్ణయం అంటే ఫొటోను వేలితో కుడికో ఎడమకో జరపడంగా స్థిరపడింది. ఈ చరిత్ర పొడవునా మారనిది ఒకటుంది. 1695 నాటి ప్రకటనలో ఉన్నవి వయసు, ఆస్తి. నేటి ప్రొఫైల్‌లో ఉన్నవి వయసు, ఎత్తు, ఉద్యోగం, నాలుగైదు ఫొటోలు. రాయడానికి, చూపించడానికి వీలైనవే అక్కడికి చేరతాయి.

ముందు తెలిసిన మనిషి

ముఖాముఖి పరిచయాల్లో చాలావాటికి మొదట ప్రేమ ఉద్దేశమే ఉండదు. ఒకే తరగతి, ఒకే కార్యాలయం, ఒకే భవనం, ఒకే క్రీడా మైదానం మనుషులను పదే పదే ఒకరి ఎదుటికి ఒకరిని తెస్తాయి. ఈ సామీప్యానికి ఎంత శక్తి ఉందో పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. జేమ్స్ బోసార్డ్ 1932లో ఫిలడెల్ఫియా నగరంలో 5,000 వివాహ లైసెన్సులు పరిశీలిస్తే, దరఖాస్తు చేసే నాటికి మూడో వంతుకు పైగా జంటలు ఒకరికొకరు ఐదు బ్లాకుల (రెండు అడ్డవీధుల మధ్య ఉండే భాగాన్ని బ్లాకు అంటారు) దూరంలోపే నివసిస్తున్నట్టు తేలింది. ప్రేమకు విధి, యోగం వంటి పేర్లు ఎన్ని పెట్టుకున్నా అందులో పెద్ద పాత్ర దూరానిదే.

దగ్గరగా ఉండటం ఒక్కటే కాదు, పదే పదే కనిపించడం కూడా పనిచేస్తుంది. 1992లో రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఈ విషయంలో ఎంతో చెబుతుంది. రూపంలో పెద్ద తేడా లేని నలుగురు యువతులను ఒక పెద్ద తరగతికి పంపారు. ఒకరు ఒక్కసారి కూడా వెళ్లలేదు; మిగిలిన ముగ్గురూ ఐదు, పది, పదిహేను సార్లు వెళ్లారు. ఎవరితోనూ మాట్లాడలేదు, కూర్చుని వచ్చేశారు. చివర్లో విద్యార్థులకు నలుగురి ఫొటోలూ చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన యువతే ఎక్కువ ఆకర్షణీయంగా అనిపించింది. ఆమెను గుర్తుపట్టలేనివారికి కూడా అలాగే అనిపించింది. అలవాటైన ముఖం పట్ల మనసు తెలియకుండానే మెత్తబడుతుంది. యాప్‌లో ఒకసారి పక్కకు జరిపిన ముఖానికి ఈ అవకాశం లేదు.

ఇంతకంటే లోతైన విషయం పాల్ ఈస్ట్‌విక్, లూసీ హంట్ 2014లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. కొత్తగా కలిసిన విద్యార్థుల్లో ఎవరు ఆకర్షణీయులో చెప్పమంటే అందరి సమాధానాలూ చాలావరకు కలుస్తాయి. కొన్ని నెలలు కలిసి గడిపాక అదే ప్రశ్న వేస్తే సమాధానాలు విడిపోతాయి. ఒకరికి సాధారణంగా కనిపించిన వ్యక్తి ఇంకొకరికి అపురూపంగా కనిపించడం మొదలవుతుంది. ఈ పరిశోధకులే ఎలీ ఫింకెల్‌తో కలిసి 2015లో 167 జంటలను పరిశీలించారు. పరిచయమైన కొత్తలోనే జతకట్టినవారిలో ఇద్దరి అందం దాదాపు సమానంగా ఉంది. జతకట్టే ముందు చాలాకాలం ఒకరికొకరు తెలిసినవారిలో, ముఖ్యంగా స్నేహితులుగా ఉండి ప్రేమికులైనవారిలో, ఆ సమానత కనిపించలేదు.

సాధారణ రూపం ఉన్న మనిషికి కాలం చేసే మేలు ఇది. హాస్యం, ఓపిక, మాట నిలబెట్టుకునే గుణం, ఇబ్బందిలో ఉన్నవారి పక్కన నిలబడే తీరు, ఇవేవీ మొదటి రోజున కనిపించవు. ఎదుటివారికి ఇవి కనిపించేంత సమయం దొరికితే పోటీ నియమాలే మారిపోతాయి. అందరూ కోరుకునే ఒకరిద్దరి కోసం అందరూ ఎగబడాల్సిన పని ఉండదు. ఎవరికి నచ్చినవారు వారికి వేరుగా తయారవుతారు. డానూ స్టిన్సన్ బృందం కెనడా, అమెరికాలలో దాదాపు 1,900 మందిని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో మూడింట రెండు వంతుల మంది తమ బంధం స్నేహంగానే మొదలైందని చెప్పారు. అపరిచితుల మధ్య తొలిచూపు ఆకర్షణ గురించే ప్రయోగశాలలు ఎక్కువగా పరిశోధించాయని, జీవితంలో ప్రేమలు మొదలయ్యే సాధారణ దారిని పట్టించుకోలేదని ఆ బృందం ఎత్తిచూపింది. డేటింగ్ యాప్‌లు తయారుచేసినవారు కూడా ఆ ప్రయోగశాలల దారిలోనే నడిచారు.

ముందు ఎంచుకున్న మనిషి

యాప్‌లో వరుస తిరగబడుతుంది. అక్కడ ప్రతి ముఖం అపరిచితమే, ప్రతి ముఖం మీదా తీర్పు చెప్పాల్సిందే. చేతిలో ఉన్న ఆధారాలు ఫొటో, వయసు, దూరం, ఉద్యోగం, రెండు మూడు వాక్యాలు. 2012లో ఫింకెల్, ఈస్ట్‌విక్ తదితరులు ఆన్‌లైన్ డేటింగ్‌పై రాసిన సుదీర్ఘ సమీక్షలో ఈ సమస్యను సూటిగా పట్టుకున్నారు. ఫోనుకు తెర ఎంత పెద్దదో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో జాబితాలో చదివి నిర్ణయించుకోవచ్చు. మనిషితో గడపడం ఎలా ఉంటుందో అలా చదివి తెలుసుకోలేము. ఎదుట కూర్చుని మాట్లాడినప్పుడు ఎదురయ్యే చొరవ, మౌనం, నవ్వు, వినే తీరు ప్రొఫైల్‌లో పట్టవు. అందుకే కాగితం మీద అన్నీ కుదిరిన మనిషి ఎదుట కూర్చుంటే పది నిమిషాల్లో మాటలు అడుగంటుతాయి. కాగితం మీద ఏదీ కుదరని మనిషితో గంటలు గడిచిపోతాయి.

అందరూ ఒకే రకం ఆధారాలతో ఎంచుకుంటే అందరి చూపూ ఒకేచోటికి చేరుతుంది. ఎలిజబెత్ బ్రూచ్, మార్క్ న్యూమన్ నాలుగు అమెరికా నగరాల్లో ఒక డేటింగ్ సైటు సందేశాలను విశ్లేషించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఎవరికి ఎన్ని సందేశాలు వస్తున్నాయి, అవి ఎలాంటివారి నుంచి వస్తున్నాయి అన్నదాన్ని బట్టి ప్రతి ఒక్కరికీ ఒక స్థానం లెక్కగట్టారు. స్త్రీలూ పురుషులూ సగటున తమకంటే 25 శాతం ఎక్కువ కోరదగినవారికి సందేశాలు పంపుతున్నారని తేలింది. ఆశపడటంలో తప్పేమీ లేదు. కానీ అందరూ పైకే చూస్తున్నప్పుడు పైనున్నవారికి చదవలేనన్ని సందేశాలు వస్తాయి, మిగిలినవారికి రోజుల తరబడి ఒక్క జవాబూ రాదు. జవాబు రానివారు అది తమ విలువ మీద వచ్చిన తీర్పు అనుకుని కుంగిపోతారు. నిజానికి అక్కడ జరిగింది ఒక రద్దీ సమస్య; ఆ మనిషిని తెలుసుకుని ఎవరూ తిరస్కరించలేదు. యాప్‌లు వాడి మనసు విరిగినవారికి ఈ ఒక్క విషయం ఎవరైనా స్పష్టంగా చెప్పాలి.

ఎక్కువమందిని చూడటం కూడా చూసే కంటిని మారుస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన టీలా ప్రాంక్, జాప్ (Jaap) డెనిసెన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, వరుసగా ఫొటోలు చూస్తూ పోయినవారు మొదటి ఫొటో నుంచి చివరి ఫొటోకు చేరేసరికి ఒప్పుకునే అవకాశం సగటున 27 శాతం తగ్గింది. చివర చూసినవారిలో ఏ లోపమూ లేదు, వారి వంతు ఆలస్యంగా వచ్చిందంతే. చూస్తున్నకొద్దీ మనసు కాదనడానికి అలవాటు పడింది.

‘మీకు తగినవారిని మేమే లెక్కగట్టి చూపిస్తాం’ అన్నది సైట్ల తొలినాటి నుంచీ ఉన్న వాగ్దానం. ఈ వాగ్దానానికి శాస్త్రం ఇచ్చే బలం చాలా తక్కువ. సమంతా జోయెల్, ఈస్ట్‌విక్, ఫింకెల్ 2017లో ప్రచురించిన పరిశోధనలో, స్పీడ్ డేటింగ్‌కు, అంటే అపరిచితులు ఒకరి తరువాత ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడే సమావేశానికి, వచ్చినవారి వ్యక్తిత్వం, విలువలు, ఇష్టాల గురించి వందకు పైగా ప్రశ్నల జవాబులను ముందే సేకరించి, సమాచారంలోని పోలికలను కంప్యూటర్ తానే పట్టుకునే మెషిన్ లెర్నింగ్‌కు అప్పగించారు. సాధారణంగా ఎవరు ఎక్కువమందిని ఇష్టపడతారో, ఎవరిని ఎక్కువమంది ఇష్టపడతారో కొంతవరకు అది చెప్పగలిగింది. ఫలానా మనిషికి ఫలానా మనిషి మీద ప్రత్యేకంగా కలిగే ఇష్టాన్ని మాత్రం ఊహించలేకపోయింది. జంటను జంటగా నిలిపేది ఆ ప్రత్యేకమైన ఇష్టమే. అది ఇద్దరూ కలిసిన తరువాత వారి మధ్య పుట్టేది. కలవకముందు ఇచ్చిన జవాబుల్లో దాన్ని వెతికితే ఎలా దొరుకుతుంది?

ఓకేక్యుపిడ్ 2014లో తానే బయటపెట్టిన ప్రయోగం ఇక్కడ ప్రస్తావించదగింది. తమ లెక్క ప్రకారం 30 శాతమే కుదిరిన కొన్ని జంటలకు 90 శాతం కుదిరినట్టు చూపించారు. అలా చూపించగానే వారు ఒకరికొకరు ఎక్కువగా రాసుకున్నారు, సంభాషణలు ఎక్కువ దూరం సాగాయి. లెక్కలోనూ, చూపినదానిలోనూ శాతం ఎక్కువగా ఉన్నవారి ఫలితాలే అందరికంటే మెరుగ్గా ఉన్నాయి కాబట్టి లెక్క పూర్తిగా వట్టిదని చెప్పలేము. కానీ ‘మీరిద్దరూ కుదురుతారు’ అన్న మాటకే అంత బలం ఉందంటే, ఆ మాట చెప్పేవారి మీద ఎంత బాధ్యత ఉందో ఆలోచించాలి. వాడుకరులకు చెప్పకుండా అలాంటి ప్రయోగం చేయడం తప్పు. మనుషుల ఆశలతో ఆడుకునే హక్కు ఎవరికీ లేదు.

దారి లేనివారికి దారి

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ముఖాముఖి పరిచయాలే మేలని తీర్మానిస్తే పెద్ద అన్యాయం జరుగుతుంది. పదే పదే కలిసే వలయం మేలు చేయాలంటే ముందు ఆ వలయంలో తగినవారు ఉండాలి. స్వలింగ జంటల విషయంలో రోజెన్‌ఫెల్డ్, రూబెన్ థామస్ 2012లోనే ఒక సంగతి చూపించారు: ఆ అధ్యయన కాలం చివరినాటికి కొత్తగా కలిసిన స్వలింగ జంటల్లో 60 శాతానికి పైగా ఆన్‌లైన్‌లో పరిచయమైనవే. చుట్టూ ఉన్న వందమందిలో తనలాంటివారు ఎందరున్నారో, వారెవరో తెలియని పరిస్థితిలో, అడగడమే ప్రమాదమైన చోట, యాప్ తెరిచిన తలుపు చిన్నది కాదు. విడాకుల తరువాతో, భాగస్వామి మరణం తరువాతో మళ్లీ తోడు కోరుకునే నడివయసు వారికి, స్నేహితులంతా సంసారాల్లో స్థిరపడ్డాక కొత్తవారు కలిసే చోట్లే ఉండవు. కొత్త ఊరికి మారినవారు, రాత్రి డ్యూటీలు చేసేవారు, వైకల్యం వల్ల బయట తిరగడం కష్టమైనవారు, నలుగురిలో నోరు విప్పలేనివారు కూడా ఇదే స్థితిలో ఉంటారు. వీరందరికీ ఆన్‌లైన్ పరిచయం మరో దారి అనడం సరిపోదు. చాలాసార్లు ఉన్న ఒకే దారి అదే.

పాత వలయాలు గోడలు కూడా. స్నేహితులు, బంధువులు పరిచయం చేసేవారు సాధారణంగా తమలాంటివారినే పరిచయం చేస్తారు. ఆన్‌లైన్‌లో కలిసిన జంటల్లో జాతి, మతం, చదువు వేరైనవారు ఎక్కువగా ఉన్నారని థామస్ 2020లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇద్దరు మనుషులు తమ పుట్టుక గీసిన గీత దాటి కలవగలగడం ఆనందించాల్సిన విషయం.

మరో మేలు అంతగా చర్చకు రాదు. యాప్‌లో ఉన్నారంటే పరిచయానికి సిద్ధంగా ఉన్నట్టే. కార్యాలయంలో, తరగతిలో ఒకరి మనసు తెలుసుకోవాలంటే ఊహించాలి, ఆ ఊహ తప్పితే ఇద్దరికీ ఇబ్బంది. పై అధికారి చూపే ఆసక్తికి ఉద్యోగిని ‘వద్దు’ అని చెప్పడానికి చెల్లించాల్సిన మూల్యం ఎంతో చాలామంది స్త్రీలకు అనుభవం. యాప్‌లో కాదనడానికి కారణం చెప్పనక్కర్లేదు, మర్నాడు అదే మనిషి ఎదుట కూర్చుని పనిచేయాల్సిన అవసరమూ లేదు. అవతలివారికీ ఆసక్తి ఉందని తేలాకే సంభాషణ మొదలయ్యే పద్ధతి, స్త్రీలే ముందు సందేశం పంపాలన్న నియమంతో 2014లో బంబుల్ మొదలుకావడం, రెండూ ఈ అవసరం నుంచే పుట్టాయి. అయినా అక్కర్లేని ఫొటోలు, బెదిరింపులు, వేధింపులు యాప్‌లలో ఆగలేదు. కాదనే స్వేచ్ఛ దొరికింది, మర్యాద మాత్రం దానంతటది రాలేదు.

సాక్షి లేని చోట

ఒక స్నేహితురాలు ఇద్దరిని పరిచయం చేసినప్పుడు ఆమె మాట కూడా అందులో ఉంటుంది. అబ్బాయి మోసగాడైతే ఆమెకు చెడ్డపేరు. అమ్మాయిని సగంలో వదిలేసి మాయమైతే అతను ఆ స్నేహితుల మధ్య తలెత్తుకోలేడు. ఈ నిఘాలో ఊపిరాడనితనం ఉంది, కబుర్లు మోయడం ఉంది, నిజమే. కానీ అది మనుషులను కాస్త బాధ్యతగా ఉంచుతుంది. ఆన్‌లైన్‌లో కలిసిన ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసినవారు ఉండరు. నాలుగు వారాలు మాట్లాడి ఒక్క మాట చెప్పకుండా మాయమైపోతే అడిగేవారు లేరు. యాప్‌లలో ఇది ఇంత సాధారణం కావడానికి కారణం అక్కడివారు చెడ్డవారు కావడం కాదు; వెళ్లిపోయినవారికి దానివల్ల ఏ నష్టమూ లేకపోవడం.

అబద్ధాల విషయంలో పరిశోధన చెప్పేది చాలామంది అనుకునేదానికి కొంత భిన్నంగా ఉంటుంది. కటలీనా టోమా, జెఫ్రీ హాన్‌కాక్, నికోల్ ఎలిసన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో 80 మంది వాడుకరుల ఎత్తు, బరువు, వయసు స్వయంగా సరిచూసి ప్రొఫైళ్లతో పోల్చారు. 81 శాతం మంది కనీసం ఒక్క విషయంలో నిజం రాయలేదు. అయితే తేడాలు ఎక్కువగా చిన్నవే, కళ్లతో చూసి పట్టుకోవడం కష్టమైనంత చిన్నవి. ఎందుకంటే వారు కలవాలనుకుంటున్నారు. కలిసినప్పుడు బయటపడే అబద్ధం ఎవరికీ పనికిరాదు.

దీన్ని తిరగేసి చూస్తే మోసం ఎక్కడుంటుందో తెలుస్తుంది. కలిసే ఉద్దేశం లేనివారు ఎంత పెద్ద అబద్ధమైనా ఆడగలరు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2022లో దాదాపు 70,000 మంది ప్రేమ పేరిట జరిగిన మోసాల గురించి ఫిర్యాదు చేశారు. పోగొట్టుకున్న సొమ్ము 130 కోట్ల డాలర్లు. ఈ మోసాల తీరు దాదాపు ఒకటే. వేరొకరి ఫొటోలు పెట్టుకుంటారు. సముద్రం మీద చమురు క్షేత్రంలోనో, సైన్యంలోనో పనిచేస్తున్నామని, అందుకే కలవలేకపోతున్నామని చెబుతారు. వారాల తరబడి ఉదయం రాత్రి పలకరిస్తారు. నమ్మకం కుదిరాక ఆసుపత్రి ఖర్చో, క్రిప్టో కరెన్సీలో పెట్టుబడి అవకాశమో వస్తుంది. వీటిలో పడినవారిని తెలివితక్కువవారని చిన్నచూపు చూడటం క్రూరత్వం. వారు పోగొట్టుకున్నది డబ్బే కాదు, నెలల తరబడి తమను ప్రేమించారనుకున్న మనిషిని కూడా. ఆ సిగ్గుతోనే చాలామంది ఎవరికీ చెప్పుకోరు, మోసగాళ్లకు కావలసిందీ అదే. ముఖాముఖి కలవకముందు ఎంత చిన్న మొత్తమైనా పంపకపోవడం, కొద్ది రోజుల్లోనే వీడియో కాల్ అడగడం, మొదటిసారి నలుగురూ తిరిగే చోటే కలవడం, ఎక్కడికి ఎవరిని కలవడానికి వెళ్తున్నారో ఒక స్నేహితుడికి చెప్పడం తప్పనిసరి జాగ్రత్తలు. చివరి జాగ్రత్తను గమనిస్తే, అది తప్పుకున్న మూడో మనిషిని మళ్లీ మధ్యకు తేవడమే.

మోసం లేని చోట కూడా సందేశాల్లోనే ఎక్కువకాలం ఉండిపోవడం మంచిది కాదు. రాతలో మాత్రమే సాగే పరిచయం ఒక్కోసారి ముఖాముఖి పరిచయం కంటే గాఢంగా మారుతుందని జోసెఫ్ వాల్తర్ 1996లోనే సిద్ధాంతీకరించారు. రాసేవారు తమలోని మంచినే ఎంచి రాస్తారు, చదివేవారు ఖాళీలను తమకు నచ్చినట్టు పూరించుకుంటారు. అలా తయారైన మనిషి సగం ఊహే. ఆర్టెమియో రమిరెజ్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఆన్‌లైన్‌లో ఎక్కువకాలం మాట్లాడుకుని ఆలస్యంగా కలిసినవారికి తొలి భేటీ తృప్తినివ్వలేదని తేలింది. త్వరగా కలిసినవారి అనుభవం మెరుగ్గా ఉంది. యాప్‌ను పరిచయం వరకే వాడుకుని వీలైనంత త్వరగా బయటికి రావడం మేలనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

కానీ బయటికి రావడం యాప్ నడిపేవారికి లాభం కాదు. తోడు దొరికిన రోజున ఇద్దరు చందాదారులు ఒకేసారి వెళ్లిపోతారు. మిమ్మల్ని ఎవరు ఇష్టపడ్డారో చూడాలంటే డబ్బు, మీ ప్రొఫైల్ పైకి రావాలంటే డబ్బు, పొరపాటున పక్కకు జరిపినవారిని వెనక్కి తెచ్చుకోవాలంటే డబ్బు. సంస్థల ఆదాయం ఇలా వెతుకులాట సాగడంలో ఉన్నంతకాలం, వెతుకులాట ముగించే పద్ధతులను అవి మనస్ఫూర్తిగా వెతుకుతాయని నమ్మడం కష్టం.

బంధాలు నిలుస్తాయా?

ఈ ప్రశ్నకు అధ్యయనాలు ఒకే జవాబు ఇవ్వడం లేదు. జాన్ కచియోపో బృందం 2013లో, 2005 నుంచి 2012 మధ్య పెళ్లి చేసుకున్న 19,131 మంది అమెరికన్లను పరిశీలించింది. ఆన్‌లైన్‌లో కలిసిన జంటల్లో విడిపోయినవారు దాదాపు 6 శాతం, బయట కలిసినవారిలో దాదాపు 7.7 శాతం. ఆ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది ఈహార్మొనీ అన్నదీ గుర్తుంచుకోవాలి. 2025లో ప్రచురితమైన 50 దేశాల అధ్యయనంలో ఫలితం మరోవైపు మొగ్గింది: ఆన్‌లైన్‌లో కలిసినవారిలో బంధం పట్ల తృప్తి, ప్రేమ కొద్దిగా తక్కువగా కనిపించాయి. రెండిటిలోనూ తేడాలు చిన్నవి. పైగా ఆన్‌లైన్‌కు వెళ్లేవారు, వెళ్లనివారు వయసులోనూ, గత అనుభవాల్లోనూ వేరువేరు కావచ్చు. ఎక్కడ కలిశారన్నది బట్టి ఒక జంట భవిష్యత్తు చెప్పడానికి ఈ అంకెలు చాలవు.

తెరకు అటూ ఇటూ

ముందు తెలియడానికీ ముందు ఎంచుకోవడానికీ మధ్య ఉన్న విభజన రేఖ నిజానికి తెర దగ్గర లేదని చూపే ఉదాహరణలు రెండున్నాయి. స్పీడ్ డేటింగ్‌ను 1990ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో యాకోవ్ డేయో అనే యూదు మతగురువు మొదలుపెట్టారు. మనుషులు ఎదురెదురుగానే కూర్చుంటారు, కొన్ని నిమిషాలకు గంట మోగుతుంది, తరువాతివారి దగ్గరకు జరుగుతారు, చివర్లో నచ్చినవారి పేర్లు రాసిస్తారు. గొంతు, నవ్వు, చూపు తెలుస్తాయి కాబట్టి ఫొటో కంటే ఇది ఎంతో నయం. అయినా కాలం చేసే మేలుకు అక్కడ చోటు లేదు. అక్కడా ముందు ఎంచుకోవాల్సిందే. ఒంటరివారి కోసం ఒక్క సాయంత్రం జరిపే సమావేశాలన్నిటికీ ఈ పరిమితి ఉంది.

రెండోది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఏళ్ల తరబడి ఒకే ఆన్‌లైన్ ఆట ఆడే జట్టులో, ఒక భాష నేర్చుకునే బృందంలో, సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా కలిసి తయారుచేసేవారి మధ్య పుట్టే ప్రేమలు ముఖాలు చూడకుండానే మొదలవుతాయి. ఓడిపోయినప్పుడు ఎవరు కోప్పడతారో, కొత్తవారికి ఎవరు ఓపికగా నేర్పిస్తారో అక్కడివారికి తెలుసు. తెర ఉన్నా మనిషి ముందే తెలిశారు, నచ్చడం తరువాత జరిగింది. పైగా అక్కడ ఇద్దరినీ ఎరిగినవారు పదిమంది ఉంటారు. తోడు కోసం చూస్తున్నవారికి దీని నుంచి తెలిసేది ఒకటుంది. ‘బయటికి వెళ్లి మనుషులను కలవండి’ అన్న సలహాలో సగమే ఉంది. ఒకసారి వెళ్లి వచ్చే చోటు కంటే అవే ముఖాలు మళ్లీ మళ్లీ కనిపించే చోటు, అంటే బృందగానం, నాటక సాధన, వారం వారం ఆడే ఆట, స్వచ్ఛంద సేవ వంటివి, ఎన్నో రెట్లు విలువైనవి. యాప్ వాడుతూనే వీటికీ సమయం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

యాప్‌లు తయారుచేసేవారికి కూడా తాము పోగొట్టింది ఏమిటో కొంత తెలుసు. 2012లో మొదలైన హింజ్ తొలినాళ్లలో ఫేస్‌బుక్ ఆధారంగా స్నేహితుల స్నేహితులనే చూపించేది. తరువాత ఆ పద్ధతి వదిలేసింది. టిండర్ 2023లో ‘మ్యాచ్‌మేకర్’ అనే సదుపాయం తెచ్చింది. దానితో స్నేహితులు, కుటుంబ సభ్యులు కూడా ప్రొఫైళ్లు చూసి, వాడుకరికి నచ్చవచ్చనుకున్నవారిని సూచించవచ్చు. మూడో మనిషిని మళ్లీ పిలిచే ప్రయత్నంగా ఇది మెచ్చుకోదగిందే. కాకపోతే ఆ స్నేహితులు చూసేది కూడా అవే ఫొటోలు, అవే నాలుగు వాక్యాలు. వెనుకటి రోజుల్లో పరిచయం చేసిన స్నేహితురాలికి ఇద్దరూ తెలుసు కాబట్టి ఇద్దరి గురించీ ఆమె హామీ ఇవ్వగలిగింది. ఇక్కడ సలహా చెప్పేవారికి ఒక్కరే తెలుసు, రెండోవారు వారికీ అపరిచితులే.